కాగితానికెక్కిన పూర్వీకులు

అమెరికాలో పూర్వీకుల వేట అనగానే తెలుగు పాఠకుడికి ముందు గుర్తొచ్చేది కుంటా కింటే. 1976లో అలెక్స్ హేలీ తెచ్చిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకం ఎన్ని చేతుల్లో నలిగిందో లెక్కలేదు. గాంబియా నది ఒడ్డున జుఫూరే అనే ఊరు, 1767లో అన్నాపొలిస్ రేవుకు చేరిన ఓడ, అందులోంచి దిగిన యువకుడు కుంటా, అక్కణ్నుంచి రచయిత దాకా తెగకుండా వచ్చిన వంశం. పుస్తకం వెలువడిన అయిదేళ్లకు గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ అనే ఇద్దరు పరిశోధకులు వర్జీనియా దస్త్రాలు తిరగేశారు. హేలీ కుంటాగా పోల్చుకున్న టోబీ అనే బానిస, ఆ ఓడ రాకముందే యజమానులైన వాలర్ కుటుంబం లెక్కల్లో కనిపిస్తున్నాడని తేల్చారు. నవల గొప్పతనం తగ్గలేదు. వంశక్రమం మాత్రం నిలబడలేదు.

ఇది హేలీ ఒక్కడికి ఎదురైన చిక్కు కాదు. ‘మా వాళ్లు మేఫ్లవర్ ఓడలో వచ్చారు’ అని తాతల నాటినుంచి చెప్పుకునే తెల్లవారి ఇళ్లలోనూ నోటిమాటకూ దస్త్రానికీ మధ్య ఇలాంటి అగాధమే ఉంటుంది. నాలుగు వందల ఏళ్ల వెనక్కి, అంటే సుమారు పన్నెండు తరాల అవతలికి వెళ్లి, ఒక వలసదారుణ్ని ‘ఇతడే మా మూలపురుషుడు’ అని రుజువు చేయడం సాధ్యమేనా? సాధ్యమైతే ఎవరికి? ఈ ప్రశ్న చుట్టూ రెండు వందల ఏళ్లుగా పేరుకున్న పరిశోధన, గర్వం, మోసం, విజ్ఞానం అన్నిటినీ కలిపి చూస్తే ఒక్క సంగతి తేటపడుతుంది: ఒకరి వంశం ఎంత దూరం కనిపిస్తుందనేది, ఆనాడు వాళ్ల పేరు రాసిపెట్టుకోవలసిన అవసరం ఎవరికి పడిందన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఒక్క ఓడలో రాలేదు

‘తొలి వలసదారులు’ అనే మాట ఏకవచనంలా వినిపిస్తుంది గానీ, వాళ్లు నాలుగైదు రకాల జనం. 1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌కు వచ్చినవాళ్లు వ్యాపార కంపెనీ పంపిన మగవాళ్లు, కుర్రాళ్లు. ఆకలి, రోగాలు, యుద్ధం వాళ్లను ఊడ్చేశాయి. 1620లో మేఫ్లవర్‌లో ప్లిమత్ చేరిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి చలికాలం దాటలేదు. 1630 నుంచి 1640 దాకా న్యూ ఇంగ్లండ్‌కు తరలివచ్చిన ప్యూరిటన్లు సుమారు 20,000 మంది. చరిత్రకారులు దీన్నే మహావలస అంటారు. హడ్సన్ నది పొడవునా డచ్చివాళ్ల వలస. 1664లో ఇంగ్లిషువాళ్లు దాన్ని లాక్కుని న్యూయార్క్ అన్నారు. పెన్సిల్వేనియాకు జర్మన్లు వచ్చారు. వీళ్లు కాక, ఓడ ఛార్జీ కట్టలేక నాలుగు నుంచి ఏడేళ్ల చాకిరీకి ఒప్పుకుని ఎక్కినవాళ్లు వేలాదిమంది. 1718 నుంచి 1775 మధ్య ఇంగ్లండ్ కోర్టులు శిక్షగా పంపించేసిన ఖైదీలు సుమారు 50,000 మంది.

ఈ తేడాలు వంశచరిత్రకు ప్రాణం. న్యూ ఇంగ్లండ్ జనం భార్యాబిడ్డలతో వచ్చారు, ఊళ్లు కట్టుకున్నారు, చర్చిలో సభ్యత్వం రాయించుకున్నారు. జననం, వివాహం, మరణం రాసే బాధ్యత ఊరి గుమాస్తాకు అప్పజెప్పారు. మన దగ్గర పిచ్చుకుంట్లవారు ఇంటిపేర్లనూ గోత్రాలనూ పాటలో నిలబెట్టినట్టు, అక్కడ ఆ గుమాస్తా సిరాలో నిలబెట్టాడు. వర్జీనియాలో పరిస్థితి వేరు. పొగాకు తోటల మధ్య దూరదూరంగా బతికిన జనానికి ఆధారం పారిష్ చర్చి, కౌంటీ కచేరీ. పారిష్ పుస్తకాలు చాలావరకు పోయాయి. అంతర్యుద్ధంలో, భద్రంగా ఉంటాయని రిచ్‌మండ్‌కు తరలించిన కొన్ని కౌంటీల దస్త్రాలు 1865లో ఆ నగరంతోపాటే కాలిపోయాయి. అందుకే మసాచుసెట్స్ రైతు వంశాన్ని 1640 దాకా పట్టుకోవడం కొన్ని నెలల పని. అదే కాలపు వర్జీనియా కూలీ వంశం జీవితకాలం వెతికినా దొరకకపోవచ్చు.

రాసినవాడి అవసరం

చాలామంది అనుకునేది ఏమిటంటే, ఓడ దిగినప్పుడు ఎవరో పేర్లు రాసుకుని ఉంటారని. అమెరికా ప్రభుత్వం ప్రయాణికుల జాబితాలు క్రమంగా సేకరించడం 1820లో గానీ మొదలు కాలేదు. జనాభా లెక్కలు 1790లో మొదలైనా 1840 దాకా ఇంటి యజమాని పేరే రాశారు. మిగతావాళ్లంతా వట్టి అంకెలు. ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ 1850లో మొదటిసారి కాగితానికెక్కాయి. మరి మేఫ్లవర్ ప్రయాణికులు మనకెలా తెలుసు? ప్లిమత్ గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ తన చేతిరాత చరిత్ర చివర, ముప్ఫై ఏళ్ల తరవాత కూర్చుని, ఎవరెవరు వచ్చారో, వాళ్లకు ఎంతమంది పిల్లలు పుట్టారో రాశాడు కాబట్టి. ఆ రాతప్రతి కనపడకుండా పోయి, 1855లో లండన్ బిషప్ గ్రంథాలయంలో ఉన్నట్టు తేలింది. 1897లో మసాచుసెట్స్‌కు తిరిగొచ్చింది. అది దొరకకపోయి ఉంటే ఈనాటి మేఫ్లవర్ వంశవృక్షాల్లో ఎన్ని నిలిచేవో చెప్పలేం.

మిగతా ఆధారాలన్నీ వేరే పనికోసం పుట్టినవి. వర్జీనియాలో ఒక మనిషిని తన ఖర్చుతో ఓడ ఎక్కించి తెచ్చినవాడికి తలకు 50 ఎకరాల చొప్పున భూమి ఇచ్చేవారు. ఆ పట్టాల్లో తెచ్చిన మనుషుల పేర్లుంటాయి. అంటే, ఆ పేరు అక్కడ ఉన్నది మనిషి కోసం కాదు, ఎకరాల కోసం. పైగా పట్టా తేదీ, వచ్చిన తేదీ ఒకటి కానక్కరలేదు. పాత తలల్నే మళ్లీ చూపించి భూమి రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. పెన్సిల్వేనియాలో 1727 నుంచి జర్మన్ల చేత రాజభక్తి ప్రమాణం చేయించి సంతకాలు తీసుకున్నారు. పరాయివాళ్లు ఎక్కువైపోతున్నారన్న భయంతో చేసిన పని, ఈనాడు లక్షల కుటుంబాలకు తొలి ఆధారం. కానీ సంతకాలు పదహారేళ్లు దాటిన మగవాళ్లవే.

ఇక వీలునామాలు, భూమి దస్తావేజులు, పన్ను లెక్కలు, కోర్టు తగాదాలు. వంశచరిత్రకు అసలు గని ఇవే. చనిపోయినవాడి ఇంట్లో పరుపు, ఇత్తడి గిన్నె, ఆవుదూడ ఎవరికి చెందాలో రాసుకున్న కాగితంలోనే కూతురి పేరూ అల్లుడి పేరూ కలిసి దొరుకుతాయి.

చదవడమే సగం విద్య

దొరికిన కాగితాన్ని చదవడం మరో పరీక్ష. 1752 దాకా ఇంగ్లండ్‌లోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. అందుకే ఫిబ్రవరి తేదీలకు 1731/32 అని రెండేళ్లు కలిపి రాస్తారు. జార్జి వాషింగ్టన్ పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11న పుడితే, మన లెక్కలో 1732 ఫిబ్రవరి 22న పుట్టినట్టు. ఇది తెలియనివాడు తల్లి పెళ్లికి ముందే బిడ్డను పుట్టించేస్తాడు.

చుట్టరికాల మాటలు మరీ ప్రమాదం. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త అని దేనికదే పేరున్న మన భాషలో ఈ గొడవ లేదు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిషులో ‘కజిన్’ అంటే తరచు అన్న కొడుకో చెల్లెలి కూతురో అయ్యేది. ‘మదర్ ఇన్ లా’ అంటే అత్తగారు కావచ్చు, సవతి తల్లీ కావచ్చు. ‘బ్రదర్’ అంటే చర్చిలో తోటి భక్తుడూ కావచ్చు. ఒకే ఊళ్లో జాన్ స్మిత్ సీనియర్, జూనియర్ అని కనిపిస్తే తండ్రీకొడుకులని రాసేస్తారు. ఒకే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అని చెప్పడమే ఆ మాటల పని, బంధుత్వం లేకపోయినా సరే. ఆడవాళ్ల పుట్టింటి పేరైతే పెళ్లితోనే మాయం. వీలునామాలో ‘నా భార్య మేరీ’ అని ఉంటుందంతే. సగం వంశం అక్కడే తెగిపోతుంది. ఇందులో డచ్చివాళ్లు నయం. వాళ్ల చర్చి పుస్తకాల్లో ఆడది పెళ్లయ్యాక కూడా సొంత పేరుతోనే కనిపిస్తుంది. కాకపోతే వాళ్లకు స్థిరమైన ఇంటిపేర్లు అలవాటు లేవు. యాన్ కొడుకు పీటర్ యాన్సెన్ అయితే, ఆ పీటర్ కొడుకు పీటర్సన్ కావచ్చు.

అందుకే అనుభవజ్ఞులు ఒక్క మనిషిని వెతకరు. అతని పొరుగువారు, వీలునామాకు సాక్షులు, పెళ్లికి పూచీ పడ్డవారు, పక్క పొలం సరిహద్దుదారులు, అందరినీ కలిపి వెతుకుతారు. వలసపోయేవాడు ఒంటరిగా పోడు, ఊరివాళ్లతో పోతాడు కాబట్టి. నడక ఎప్పుడూ తననుంచి వెనక్కే. పేరుమోసిన పూర్వీకుణ్ని ముందు ఎంచుకుని కిందికి దిగివచ్చేవాడు తనకు కావలసిన చోటికే చేరతాడు.

గర్వం, మోసం, క్రమశిక్షణ

ఈ విద్యకు సంస్థాగత రూపం 1845లో బోస్టన్‌లో స్థాపించిన న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీతో వచ్చింది. రెండేళ్లకు మొదలైన దాని పత్రిక ఈనాటికీ వస్తోంది. జేమ్స్ సావేజ్ 1860–62లో న్యూ ఇంగ్లండ్ తొలి కుటుంబాల నిఘంటువు నాలుగు సంపుటాల్లో తెచ్చాడు. తప్పులున్నా, ఒంటిచేత్తో చేసిన ఆ పని చూస్తే చేతులెత్తి మొక్కాలి.

శతాబ్దం చివర గాలి మారింది. 1889లో సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్, 1890లో డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్, 1897లో మేఫ్లవర్ సంతతి సంఘం వరుసగా పుట్టుకొచ్చాయి. ఇటలీ నుంచి, పోలండ్ నుంచి, రష్యా నుంచి లక్షలాదిమంది రేవుల్లో దిగుతున్న రోజులవి. ‘మేం ముందొచ్చినవాళ్లం’ అన్న మాటకు అప్పుడే విలువ పెరిగిందంటే ఆశ్చర్యం లేదు. డాటర్స్ సంఘం 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు తమ హాలు ఇవ్వలేదు. తమ సంఘంలో తొలి నల్లజాతి సభ్యురాలిగా గుర్తించిన మహిళను 1977లో గానీ చేర్చుకోలేదు.

గిరాకీ ఉన్నచోట సరుకు తయారవుతుంది. గుస్తావ్ ఆంజూ అనే ఘనుడు డబ్బున్న కుటుంబాలకు వందలాది వంశవృక్షాలు అమ్మాడు. నిజమైన అమెరికా తరాలకు కల్పించిన ఇంగ్లండ్ తాతల్ని అతికించి, లేని దస్త్రాలను ఆధారంగా చూపేవాడు. 1942లో పోయాడు. అతను నాటిన తప్పుడు కొమ్మలు గ్రంథాలయాల్లో ఇంకా చిగురిస్తూనే ఉన్నాయి.

దీనికి విరుగుడు కనెక్టికట్‌లో డోనల్డ్ లైన్స్ జాకోబస్ దగ్గర దొరికింది. 1922లో తాను మొదలుపెట్టిన పత్రికలో, ప్రతి తరానికీ సమకాలీన దస్త్రం చూపాలని, లేకపోతే ‘రుజువు కాలేదు’ అని ఒప్పుకోవాలని పట్టుబట్టాడు. ఆ బాటలో నడిచిన రాబర్ట్ చార్లెస్ ఆండర్సన్ 1988లో మహావలస అధ్యయనాన్ని మొదలుపెట్టాడు. 1620–33 మధ్య న్యూ ఇంగ్లండ్‌కు వచ్చినవాళ్ల మీద 1995లో వెలువడిన మూడు సంపుటాలు చూస్తే ఒక్కో మనిషికీ పుట్టిన ఊరు, చర్చి సభ్యత్వం, భూమి, పదవి, పిల్లలు, వాటితోపాటు పూర్వ పరిశోధకుల పొరపాట్లు కూడా ఉంటాయి. ఇవాళ ఈ రంగంలో ఒకే ఒక్క పుస్తకం కొనుక్కోమంటే దాన్నే కొనుక్కోమంటాను.

కొండలో దాచిన పేర్లు

ఇప్పుడు వెతుకులాట చాలావరకు తెరమీదే జరుగుతోంది. దీని వెనక ఒక మతవిశ్వాసం ఉంది. చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్లు దీక్ష తీసుకోవచ్చని మోర్మన్లు నమ్ముతారు. అందుకు పేర్లు కావాలి. 1894లో యూటాలో సంఘం పెట్టి, 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి దస్త్రాలను మైక్రోఫిల్మ్ తీశారు. సాల్ట్ లేక్ సిటీ దగ్గర గ్రానైట్ కొండను తొలిచి దాచిన సుమారు 24 లక్షల చుట్టలను డిజిటల్ చేసే పని 2021లో పూర్తయింది. వాటిని వాళ్ల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్ ఉచితంగా చూపిస్తోంది.

మేలు ఎంతో, కీడూ అంతే. దస్త్రం చూడటం ఎంత సులువైందో, పక్కవాడి వంశవృక్షాన్ని ఎత్తి తన చెట్టుకు అంటుకట్టుకోవడం అంతకన్నా సులువైంది. ఒక తప్పు వెయ్యిచోట్ల కనిపించేసరికి, అన్నిచోట్లా ఉంది కదా నిజమే అనిపిస్తుంది. ఆంజూ ఒక్కో గ్రంథాన్నీ కూర్చి రాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క నొక్కు చాలు.

డీఎన్‌ఏ ఈ గొడవను తేల్చేస్తుందని కొందరి ఆశ. లెక్క చూడండి. పన్నెండో తరంలో మనకు 4,096 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. కానీ తరతరానికీ సగం సగం జారిపోతూ వస్తుంది గనక, పది తరాల వెనకున్నవాళ్లలో దాదాపు సగం మంది నుంచి మన ఒంట్లో డీఎన్‌ఏ తునక కూడా మిగలదు. మేఫ్లవర్‌లో వచ్చినవాడు కాగితం మీద తాతే అయినా, రక్తపరీక్షకు పరాయివాడే కావచ్చు. తండ్రినుంచి కొడుక్కే పోయే వై క్రోమోజోమ్ మాత్రం దూరం నడుస్తుంది. 1998లో, తొలినాటి అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ పెదతండ్రి మగ సంతతినీ, శాలీ హెమింగ్స్ అనే అతని బానిస స్త్రీ కొడుకు ఎస్టన్ సంతతినీ పోల్చితే అది కలిసింది. ఆ పిల్లవాడు ఒక జెఫర్సన్ బిడ్డ అని పరీక్ష చెప్పింది. ఏ జెఫర్సన్ అన్నది చెప్పలేదు. ఆ ఖాళీని పూరించింది, థామస్ ఎప్పుడెప్పుడు ఇంట్లో ఉన్నాడో చెప్పే కాగితాలు. మళ్లీ దస్త్రం దగ్గరికే వచ్చాం.

రాయనివాళ్ల వంశం

1619లో వర్జీనియా తీరానికి ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను తెచ్చారు. మేఫ్లవర్‌కన్నా ఏడాది ముందు. తొలి వలస అన్న మాట వాళ్లకూ చెందాలి. 1624–25లో వర్జీనియా తీసిన జనగణనలో ఏంజెలా అనే నల్లజాతి స్త్రీ పేరు ఉంది. ఇంటిపేరు లేదు. 1662 చట్టం బిడ్డకు తల్లి స్థితే వర్తిస్తుందని తేల్చాక, నల్లవాళ్లు దస్త్రాల్లో చేరిన చోటు వీలునామాల్లో ఆస్తి జాబితా. 1850, 1860 జనగణనల్లో బానిసలకు వేరే పట్టిక పెట్టారు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు. విముక్తులందరి పేర్లూ మొదటిసారి రాసింది 1870లో. నల్లజాతి పరిశోధకులు దాన్ని ‘1870 గోడ’ అంటారు. హేలీ నోటిమాటను ఎందుకంత గట్టిగా పట్టుకున్నాడో ఈ గోడ ముందు నిలబడితే అర్థమవుతుంది. బోస్టన్ సొసైటీ 2023లో ‘పది మిలియన్ల పేర్లు’ అనే పని చేపట్టింది. బానిసత్వంలో బతికిన కోటిమంది పేర్లను వెలికితీయాలన్నది సంకల్పం.

గోడకు సందులూ ఉన్నాయి. తెల్లజాతి చాకిరీ స్త్రీలకూ ఆఫ్రికన్ పురుషులకూ పుట్టి, తల్లివైపు నుంచి స్వతంత్రులైన కుటుంబాలను పాల్ హైనెగ్ కోర్టు కాగితాల్లోంచి వందలకొద్దీ బయటికి తీశాడు. అలాంటి దారిలోనే, 1640లో వర్జీనియా కోర్టు యావజ్జీవ చాకిరీ విధించిన జాన్ పంచ్ అనే నల్లవాడు బరాక్ ఒబామాకు పూర్వీకుడై ఉండే అవకాశం బలంగా ఉందని యాన్‌సెస్ట్రీ సంస్థ పరిశోధకులు 2012లో చెప్పారు. అదీ ఆఫ్రికా తండ్రివైపు నుంచి కాదు, కాన్సాస్ తెల్లతల్లివైపు నుంచి.

మూలవాసుల సంగతి ఇంకో రకం. 1614లో మూలవాసి యువతి పొకహాంటస్ ఇంగ్లిషు వలసదారు జాన్ రాల్ఫ్‌ను పెళ్లాడింది. వాళ్ల ఒక్క కొడుకు ద్వారా వచ్చిన సంతతిలో వర్జీనియా పెద్ద కుటుంబాలున్నాయి. 1924లో ఆ రాష్ట్రం, ఒక్క చుక్క పరాయి రక్తమున్నా తెల్లవాడు కాడని చట్టం చేసినప్పుడు, పదహారో వంతు మూలవాసి రక్తాన్ని మినహాయించింది. పొకహాంటస్ మనవలమని చెప్పుకునే దొరలకు ఇబ్బంది కాకూడదు కదా. అదే చట్టం అసలు మూలవాసులను ‘రంగు జాతి’ పద్దు కింద రాయించి, వాళ్ల జనన పత్రాల్లోంచి వాళ్ల జాతినే చెరిపేసింది. పూర్వీకురాలు ఒకరికి అలంకారమైంది, మరొకరికి కాగితమే లేకుండా పోయింది.

చెన్నపట్నం రిజిస్టరు, వర్జీనియా పట్టా

ఈ కథలో మన తీరానికీ రెండు పేజీలున్నాయి. ఎలైహు యేల్ 1649లో బోస్టన్‌లో, న్యూ హేవెన్ వలస స్థాపకుడి సవతి మనవడిగా పుట్టాడు. చిన్నప్పుడే ఇంగ్లండ్‌కు చేరి, 1672లో ఈస్ట్ ఇండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసు వచ్చి, గవర్నరై డబ్బు గడించాడు. కనెక్టికట్‌లోని కాలేజీకి అతను పుస్తకాలతోపాటు పంపిన బేళ్లకొద్దీ సరుకు అమ్మితే సుమారు 560 పౌండ్లు వచ్చాయి. 1718లో ఆ కాలేజీ అతని పేరు పెట్టుకుంది. సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి వివాహాల రిజిస్టరులో మొట్టమొదటి పెళ్లి, 1680లో అతనిదే. చిన్నప్పుడే పోయిన కొడుకు డేవిడ్ సమాధి మద్రాసు హైకోర్టు ఆవరణలో ఉంది. బోస్టన్ నుంచి చెన్నపట్నం దాకా ఆ కుటుంబం వేసిన అడుగు అడుగూ రాసి ఉంది.

రెండో పేజీ 1635 నాటి వర్జీనియా పట్టా. జార్జి మెనెఫీ అనే తోటల యజమాని తాను తెచ్చిన మనుషులను చూపి భూమి రాయించుకున్నాడు. ఆ పేర్లలో ఒకటి ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’. అమెరికా గడ్డమీద మన దేశపు మనిషి ఆనవాలుగా చరిత్రకారులు చూపే మొదటి మాట ఇదే. అప్పటికి మచిలీపట్నంలో ఇంగ్లిషువాళ్ల కొట్టు వెలిసి పాతికేళ్లు కావస్తోంది. కానీ టోనీ ఏ రేవులో ఓడ ఎక్కాడో, తల్లి ఏ పేరుతో పిలిచిందో, ఆ తోటలో పెళ్లాడాడో, పిల్లల్ని కన్నాడో పట్టా అడగలేదు. అతని సంతతి ఉంటే, ఈపాటికి వర్జీనియాలోనో ఒహాయోలోనో ఎవరో ఒకరు తెర ముందు కూర్చుని మేఫ్లవర్ తాత కోసం వెతుకుతూ ఉండొచ్చు. పట్టాకు టోనీతో పని 50 ఎకరాల మేరకే.